బోటి కడిగే చేతుల సంగతి

చెన్నూరుకు దగ్గర్లోనే మందమర్రి, శ్రీరాంపూర్ బొగ్గు గనులున్నాయి. సింగరేణి ఏటా రక్షణ పక్షోత్సవాలు జరుపుతుంది. శిక్షణ లేకుండా ఎవరినీ గనిలో పనికి దింపకూడదని 1966లోనే నిబంధనలొచ్చాయి. ఇవి యాజమాన్యాల దయ కాదని కార్మికోద్యమం తెలిసినవారికి చెప్పనక్కర్లేదు.

అదే చెన్నూరులో ఆదివారం పొద్దున మటన్ కొట్టు వెనక బోటి కడిగే, తలకాయ, కాళ్ళు కాల్చే ఆడమనిషికి భద్రత గురించి చెప్పేదెవరు? అసలు ఆమెను కార్మికురాలిగా ఒప్పుకునేదెవరు? కత్తి పట్టిన మగవాడిది పని, ఆమెది సాయం. భార్య అయితే ఆ కూలి కూడా ఉండదు.

చట్టమూ ఆమెను చూడదు. 1948 చట్టం ప్రకారం కరెంటుతో నడిచే చోట పదిమంది ఉంటే ఫ్యాక్టరీ. 2025 నవంబరు 21న అమల్లోకి వచ్చిన కొత్త కోడ్ దాన్ని ఇరవైకి పెంచింది. కొట్లో ఉండేది ఇద్దరో ముగ్గురో!

కనుక ఆ మాటలు మనమే మాట్లాడాలి. "జాగ్రత్తగా ఉండండమ్మా" అంటే సరిపోదు. మొద్దు కత్తికి బలం ఎక్కువ పెట్టాలి, అందుకే జారి తెగుతుంది. చూడి మేకను కోసినప్పుడు గర్భసంచి, మాయ ఉత్త చేతులతో తీస్తే బ్రూసెల్లా సోకవచ్చు. వారాల తరబడి జ్వరం, కీళ్ళ నొప్పులు. గర్భిణికి గర్భస్రావం కావచ్చు. డాక్టరుకు జ్వరమని చెప్పి ఊరుకోకుండా తాను చేసే పనేమిటో కూడా చెప్పాలి. ఈ ఒక్క సంగతి తెలిసినా చాలామందికి మేలు.

అయితే గ్లవుజులు ఎవరు కొనాలి? ఇది అడగని భద్రతా పాఠం నేరాన్ని ఆమె మీదికే నెడుతుంది. 1991 సెప్టెంబరు 3న అమెరికాలోని హామ్లెట్‌లో కోడిమాంసం ఫ్యాక్టరీ తగలబడి 25 మంది చనిపోయారు. తలుపులకు తాళాలు వేసి ఉన్నాయి. లోపలివాళ్ళు ఎంత జాగ్రత్తపడితే బయటపడేవారు?

లైంగిక వేధింపుల మాట కూడా ఎత్తాలి. పదిమంది లేని చోట పనిచేసేవారి ఫిర్యాదు తీసుకోవాల్సింది 2013 చట్టం కింద జిల్లాలో ఉండే స్థానిక కమిటీ. ఇది మగవాళ్ళ ముందు చెప్పేది కాదు. కొట్టు కట్టేశాక, వాళ్ళ వాడలో, వాళ్ళ మాటల్లో కూర్చుని చెప్పాలి.

మునిసిపాలిటీని అడగాల్సిందీ ఉంది. మాంసం కొట్టుకు లైసెన్సు ఇచ్చేటప్పుడు నీళ్ళు, గ్లవుజులు, మరుగుదొడ్డి ఉన్నాయో లేదో చూడాలి. వెనక కూర్చుని కడిగే ఆమె పేరు కూడా ఆ కాగితంలో రాయాలి.