జతచేయడమా? అంటగట్టడమా?

ఒక సరుకుతో మరొక సరుకును కలిపి అమ్మడం వర్తకమంత పాతది. పేస్టుతో పాటు బ్రష్షు ఇస్తే కొనేవారు సంతోషంగా తీసుకుంటారు. కొత్త గ్యాసు కనెక్షను కావాలంటే స్టవ్వు కూడా తమవద్దే కొనాలని డీలరు పట్టుబడితే మాత్రం గొణుగుకుంటూ డబ్బు చెల్లిస్తారు. మొదటిది జతచేయడం, రెండవది అంటగట్టడం. శరీర కదలికలను పసిగట్టే ఉపకరణాలను వీడియో ఆటల యంత్రాలతో కలిపి అమ్మిన కంపెనీల చరిత్రలో ఈ రెండింటికీ చక్కని నిదర్శనాలున్నాయి.

నింటెండో కంపెనీ 2006 నవంబరులో అమెరికాలో 'వీ' యంత్రాన్ని 250 డాలర్లకు విడుదల చేసింది. దాని రిమోట్‌లో త్వరణాన్ని కొలిచే సిలికాన్ పరికరమొకటి ఉంది. అందులో అతి సూక్ష్మమైన ఫలకం స్ప్రింగుల వంటి తీగలపై వేలాడుతుంటుంది. చెయ్యి విసిరినప్పుడు ఆ ఫలకం రవ్వంత జరుగుతుంది. దానివల్ల విద్యుత్ ధారితలో వచ్చే మార్పును బట్టి యంత్రం ఆ విసురును అంచనా వేస్తుంది. రిమోట్ కొనన ఉన్న పరారుణ కెమేరా, టీవీ వద్ద అమర్చిన పరారుణ దీపాలను చూసి గురి ఎటు ఉన్నదో లెక్కకడుతుంది.

అయితే ఈ శాస్త్రాన్ని చూసి ఎవరూ యంత్రాన్ని కొనలేదు. అమెరికాలోనూ ఐరోపాలోనూ అదే పెట్టెలో 'వీ స్పోర్ట్స్' అనే ఆటను ఉంచారు. రాకెట్టు ఊపినట్లు చెయ్యి ఊపితే టెన్నిస్, బంతి వదిలినట్లు ఊపితే బౌలింగ్. ఏనాడూ వీడియో ఆట ముట్టని తాతగారికి సైతం ఎవరూ నేర్పవలసిన పని లేకపోయింది. జపానులో ఈ ఆటను విడిగా అమ్మినా జనం లక్షల సంఖ్యలో కొన్నారు. నింటెండో అంతకుముందు తెచ్చిన 'గేమ్‌క్యూబ్' 2 కోట్ల 17 లక్షలు అమ్ముడుపోగా, 'వీ' 10 కోట్లు దాటింది. పోటీ యంత్రాలకంటే తక్కువ ధర కూడా ఇందుకు తోడ్పడిందన్నది నిజం. కానీ ఉపకరణమెందుకో మొదటి సాయంత్రమే తెలియజెప్పిన ఘనత ఆ ఆటదే.

మైక్రోసాఫ్ట్ 2010 నవంబరులో 'కినెక్ట్'ను తెచ్చింది. ఇందులో చేత పట్టవలసినదేదీ లేదు. గదిలో వెదజల్లిన పరారుణ చుక్కల అమరికను కెమేరా చదివి, మనిషి ఎంత దూరంలో ఎలా నిలుచున్నాడో గ్రహిస్తుంది. విడిగా 150 డాలర్లకు అమ్మినా, 60 రోజులలో 80 లక్షలు వెళ్ళిపోయి గిన్నిస్ రికార్డుకెక్కింది. ఇష్టపడినవారు కొన్నారు, అక్కరలేనివారు మానుకున్నారు.

ఆ విజయమే తప్పుదారి పట్టించింది. 2013 నవంబరులో వచ్చిన 'ఎక్స్‌బాక్స్ వన్'ను కినెక్ట్ లేకుండా కొనే వీలు లేకుండా చేశారు. ధర 499 డాలర్లు. వారం ముందే వచ్చిన సోనీ 'ప్లేస్టేషన్ 4' ధర 399. దానికి కెమేరా కావలసినవారు విడిగా కొనుక్కోవచ్చు. పైగా అమెరికా ప్రభుత్వ నిఘా రహస్యాలు బయటపడిన సంవత్సరమది. హాలులో కూర్చుని చూస్తూ వింటూ ఉండే పరికరమంటే చాలామందికి గుబులు పుట్టింది. యంత్రపు చిత్రణ సామర్థ్యంలో సుమారు పదోవంతును కినెక్ట్ కోసమే అట్టిపెట్టడంతో, దానిని వాడనివారికి ధరలోనే కాక పనితనంలోనూ నష్టం జరిగింది. ఇంత చేసీ, దాని సత్తా చాటవలసిన 'కినెక్ట్ స్పోర్ట్స్ రైవల్స్' ఆట 2014 ఏప్రిల్ దాకా రానేలేదు.

చివరకు 2014 మే నెలలో, హైదరాబాదులో పుట్టిన సత్య నాదెళ్ల ఆ సంస్థ సారథ్యం చేపట్టిన మూడు నెలలకు, కినెక్ట్ లేని యంత్రాన్ని 399 డాలర్లకే అమ్ముతామన్న ప్రకటన వెలువడింది. అమ్మకం జూన్‌లో మొదలైంది. ఆ నెల అమెరికాలో అమ్మకాలు మే నెలకంటే రెట్టింపు దాటాయని మైక్రోసాఫ్టే వెల్లడించింది.

కలిపి అమ్మడాన్ని సమర్థించేవారి వాదనలోనూ బలముంది. ఉపకరణం ప్రతి ఇంటా లేనిదే దానికోసం ఆటలు రాసేవారుండరు; ఆటలు లేనిదే ఉపకరణాన్ని కొనేవారుండరు. విత్తు ముందా, చెట్టు ముందా అన్న చిక్కే ఇది. విడదీసిన తరువాత కినెక్ట్ ఆటలు తగ్గిపోయి, 2017లో దాని తయారీయే ఆగిపోవడం ఈ వాదనకు సాక్ష్యం. అయినా ఆ చిక్కు విప్పవలసిన బాధ్యత కంపెనీది. రేపు రాబోయే ఆటల కోసం నేడే వంద డాలర్లు చెల్లించమని కొనుగోలుదారును నిర్బంధించడం న్యాయం కాదు.

2017లో వచ్చిన నింటెండో 'స్విచ్' ఈ పాఠాన్ని నిశ్శబ్దంగా అమలు చేసింది. కదలికలను గుర్తించే పరికరాలు దాని మీటలలోనే ఒదిగి ఉంటాయి. వాడదలచినవారు వాడుతారు; వాడనివారికి అవి అడ్డురావు. ఆ యంత్రం 15 కోట్లకు పైగా అమ్ముడుపోయింది.

జతచేసిన వస్తువు తన అవసరాన్ని తానే చాటుకోవాలి. అలా చాటుకోగలిగితే కొనేవారు దానిని కానుకగా భావిస్తారు. లేనినాడు అది ఎంతటి శాస్త్ర విజయమైనా, వారి కంటికి వద్దన్నా అంటగట్టిన గ్యాసు స్టవ్వే.