వెల్డింగ్ కొట్టిన డిఫరెన్షియల్‌తో రోడ్డెక్కొద్దు

పాత కార్ల యజమానులకు, ఆటోనగర్ మెకానిక్‌లకు, రవాణా శాఖ అధికారులకు విన్నపం

అంబాసిడర్, ప్రీమియర్ పద్మిని, కాంటెస్సా, పాత మహీంద్రా జీపు. వెనక చక్రాలతో నడిచే ఈ బండ్లను ప్రాణంలా చూసుకునేవాళ్లు మన ఊళ్లలో ఇంకా ఉన్నారు. ఈ కరపత్రం వాళ్ల మోజు మీద కాదు. అలాంటి బండ్లలో కొన్నింటికి జరుగుతున్న ఒక పని మీద. డిఫరెన్షియల్ హౌసింగ్ విప్పుతారు, లోపలి స్టార్ పినియన్లను పక్క గేర్లతో కలిపి వెల్డింగ్ కొట్టేస్తారు, మళ్లీ బిగిస్తారు. అదే బండి మర్నాడు స్కూలు పిల్లల ఆటోల మధ్య తిరుగుతుంది. ఇది ఆగాలి.

ఎందుకు చేయిస్తున్నారో మాకు తెలుసు. మామూలు డిఫరెన్షియల్ రెండు చక్రాలకూ సమానంగానే బలం పంచుతుంది. ఒకటి బురదలో పడి ఊరికే గిర్రున తిరుగుతుంటే రెండోదానికీ అంతే కొద్ది బలం అందుతుంది, బండి కదలదు. అవసరమైనప్పుడే చక్రాలను కలిపే లాకరో, జారుడును అదుపుచేసే లిమిటెడ్ స్లిప్పో వేయిద్దామంటే పాత బండికి సరిపోయేది దొరకడం కష్టం. దొరికినా ఆ ఖర్చుకు గుండె ఆగుతుంది. వెల్డింగ్‌కైతే కొన్ని రాడ్లు, కాస్త కూలి చాలు. ఆఫ్ రోడ్ పోటీలో, డ్రిఫ్టింగ్ మైదానంలో అది పనిచేస్తుంది కూడా. అక్కడ చక్రం జారడానికి నేల ఒప్పుకుంటుంది. ఆ ఆట మీద మాకు ఏ అభ్యంతరమూ లేదు.

తారు రోడ్డు ఒప్పుకోదు. మలుపులో బయటి చక్రం ఎక్కువ దూరం నడవాలి, లోపలిది తక్కువ. ఎడ్లబండికి ఈ చిక్కు లేదు, దాని చక్రాలు ఇరుసు మీద వేటికవే తిరుగుతాయి. ఇంజనుతో రెండు చక్రాలనూ తిప్పాల్సి వచ్చాకే తంటా మొదలైంది. ఒనెసిఫోర్ పెక్యూర్ అనే ఫ్రెంచి ఆయన దాదాపు రెండు వందల ఏళ్ల కిందటే, ఆవిరి బండి కోసం, గేర్లతో దీనికి విరుగుడు, అంటే డిఫరెన్షియల్, చూపించాడు. వెల్డింగ్ మనల్ని ఆయన పుట్టక ముందుకు తీసుకుపోతుంది. లెక్క చూడండి: వెనక చక్రాల మధ్య 1.35 మీటర్లున్న కారు యూ టర్న్ తీసుకుంటే బయటి చక్రం లోపలిదానికన్నా సుమారు 4.2 మీటర్లు ఎక్కువ నడవాలి. మలుపు ఇరుకైనా విశాలమైనా ఈ తేడా మారదు. రెండు చక్రాలూ ఒక్కటైపోయాక ఆ 4.2 మీటర్లూ టైరు రోడ్డును గీరుకుంటూ పోవాలి, లేదా యాక్సిల్ షాఫ్టు మెలిపడాలి. రెండూ జరుగుతాయి. పార్కింగ్‌లో తిప్పుతున్నప్పుడు వినబడే కీచుశబ్దం, మధ్యలో టక్కుమనే దెబ్బ అవే.

టైర్లు అరిగితే పోయేది యజమాని డబ్బు, అది ఆయన ఇష్టం. వాన సంగతి అలా కాదు. మామూలు బండిలో తడి మలుపు మీద యాక్సిలరేటర్ కాస్త ఎక్కువ తొక్కితే ముందు లోపలి చక్రం జారుతుంది. బయటి చక్రం నేలను పట్టుకునే ఉంటుంది కాబట్టి బండి వెనక భాగం సాధారణంగా నిలబడుతుంది. వెల్డింగ్ బండిలో రెండు చక్రాలూ కలిసి పట్టు వదులుతాయి, వెనక భాగం పక్కకు విసురుకుపోతుంది. పొడి రోడ్డు మీద దీనికి పూర్తిగా వ్యతిరేకం: స్టీరింగ్ తిప్పినా ముందు భాగం తిన్నగానే పోవాలని చూస్తుంది. ఎండలో తిరగమంటే తిరగని బండి, తొలకరికి నూనె మరకలు తేలిన ఫ్లైఓవర్ వంపులో అడక్కుండానే తిరుగుతుందన్నమాట. ఈ పాత బండ్లకు ఏబీఎస్ లేదు, సర్దిచెప్పే కంప్యూటర్ లేదు. పక్కన స్కూటర్ మీద పోయే కుటుంబానికి ఆ కారు కింద ఏం కొట్టించారో తెలిసే దారీ లేదు.

వెల్డింగే ఒక బలహీనత. ఈ గేర్ల ఉక్కు పైపొరను గట్టిపరచి ఉంటారు. ముందు వేడి చేయకుండా, తర్వాత నెమ్మదిగా చల్లారనివ్వకుండా ఆర్క్ కొడితే అతుకు పక్కన లోహం పెళుసుబారుతుంది. పగిలిన ముక్క క్రౌన్ వీల్‌కూ పినియన్‌కూ మధ్య పడితే వెనక చక్రాలు పరుగులోనే బిగుసుకుపోవచ్చు. ‘మా మెకానిక్ చేతి అతుకు ఊడదు’ అంటారు. ఊడకపోతే ఆ మెలి అంతా షాఫ్టు మీద పడుతుంది. షాఫ్టే చక్రాన్ని మోసే రకం బండి అయితే, అది విరిగిన చోటును బట్టి చక్రమే బయటికి రావచ్చు.

గోకార్ట్‌కు డిఫరెన్షియల్ లేదుగా అని ఒక వాదన. నిజమే. మలుపులో లోపలి వెనక చక్రం నేల మీంచి లేచేలా దాని ఫ్రేమ్ కడతారు. (అంబాసిడర్ చక్రం లేచిందంటే అది వేరే కథ.) మలుపులో రెండు చక్రాలూ వేరువేరుగా తిరగాలన్న సంగతి ట్రాక్టరు డ్రైవరుకు బాగా తెలుసు. దమ్ములో చక్రం దిగబడితే డిఫ్ లాక్ పెడల్ తొక్కుతాడు, గట్టెక్కాక మలుపు తిరిగే ముందు కాలు తీసేస్తాడు. వెల్డింగ్‌కు పెడల్ లేదు.

ఇక చట్టం. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం, ఆర్‌సీలోని వివరాలు తయారీదారు ఇచ్చిన వాటితో తేడా పడేలా బండిని మార్చకూడదు. 2019 సవరణలో తిరగరాసిన 182ఏ సెక్షన్ కింద, అనుమతి లేని మార్పు చేయించిన యజమానికి ఒక్కో మార్పుకు 5,000 రూపాయల జరిమానా, ఆరు నెలల దాకా జైలు, లేదా రెండూ పడవచ్చు. అయితే ఆర్‌సీలో డిఫరెన్షియల్‌కు గడి లేదు. గడి లేదు కాబట్టి తప్పూ లేదనేవాళ్లు అక్కడే దూరుతున్నారు. యాభై ఏళ్లు దాటిన వింటేజ్ బండ్ల కోసం 2021లో తెచ్చిన నిబంధనలూ చాసిస్, బాడీ, ఇంజన్ మార్చొద్దన్నాయి తప్ప వెనక ఇరుసు ఊసెత్తలేదు. ఆ వాక్యంలో డిఫరెన్షియల్ పేరు కూడా చేర్చాలి.

అంతకన్నా ముందు, రేపే మొదలుపెట్టగలిగేది ఒకటుంది. పదిహేనేళ్లు నిండిన సొంత కారు రిజిస్ట్రేషన్ పునరుద్ధరణకు ఐదేళ్లకోసారి తనిఖీకి వస్తుంది. ఆ రోజు ముందు చక్రాలకు అడ్డు పెట్టి, వెనక రెండు చక్రాలూ గాల్లో ఉండేలా బండిని జాకీల మీద లేపాలి. గేరులో ఉంచి ఒక చక్రాన్ని చేత్తో తిప్పితే మామూలు బండిలో రెండోది ఎదురు దిక్కుకు తిరుగుతుంది. వెల్డింగ్ బండిలో చక్రం కదలదు, న్యూట్రల్‌లో పెడితే రెండూ ఒకే వైపు తిరుగుతాయి. అలా తిరిగిన ప్రతిదీ వెల్డింగే కాకపోవచ్చు, కంపెనీ బిగించిన లిమిటెడ్ స్లిప్ ఉండొచ్చు. అందుకే హౌసింగ్ విప్పి చూశాకే పునరుద్ధరణ కాగితం ఆపాలి.

పట్టుబడ్డవాళ్లను వెంటనే జైలుకు పంపమని మేం అడగడం లేదు. మంచి డిఫరెన్షియల్ గేర్ల సెట్టు వెతికి వేయించుకోవడానికి ఒక ఏడాది జరిమానా లేని గడువివ్వండి. ఆమోదం పొందిన లాకర్‌ను ఆర్‌సీలో రాయించుకునే తేలిక దారి చూపించండి, లేకపోతే జనం దాస్తూనే ఉంటారు. పోటీల కోసమే బండి ఉంచుకున్నవాళ్లు దాన్ని లారీ మీద మైదానానికి తీసుకెళ్లాలి. మెకానిక్‌లు ఆ పని ఒప్పుకునే ముందు బండి రోడ్డు మీదికి పోతుందా అని అడగాలి, పోతుందంటే రాడ్డు పక్కన పెట్టాలి. అమ్మేవాళ్లు కొనేవాళ్లకు ఈ ఒక్క విషయం దాచకూడదు.

పాత బండి కొత్తగా కొన్నవాళ్లు ఈ ఆదివారమే మెకానిక్‌తో ఈ జాకీ పరీక్ష చేయించండి. రెండు చక్రాలూ ఒకే వైపు తిరిగితే, వానలు మొదలవకముందే హౌసింగ్ విప్పించండి.