కేసు పోయింది, కాగితమేదీ?

దసరా సమీపిస్తున్నదంటే హొళగుంద మండలంలో పోలీసుల రాకపోకలు పెరుగుతాయి. దేవరగట్టు కొండపై మాళ మల్లేశ్వరస్వామి బన్ని ఉత్సవం నాటి రాత్రి కర్రల సమరం జరుగుతుంది. ఏటా పదుల సంఖ్యలో జనం గాయపడతారు. అందుకే ముందుగానే చుట్టుపక్కల గ్రామాల వారిలో కొందరిని పిలిపించి, పూచీకత్తు రాయించుకుని, బైండోవర్ చేయడం ఆనవాయితీగా మారింది. ఉత్సవం తెల్లవారేసరికి ముగుస్తుంది. రాయించుకున్న కాగితాలు మాత్రం దస్త్రాల్లో మిగిలిపోతాయి.

అదే మండల కేంద్రమైన హొళగుందలో 2022 ఏప్రిల్ 16న హనుమజ్జయంతి ఊరేగింపు సందర్భంగా రెండు వర్గాల మధ్య రాళ్లు రువ్వుకోవడం, పలువురు గాయపడటం, అరెస్టులు జరగడం పాఠకులకు తెలిసిందే. ఈ రెండింటినీ మేము పక్కపక్కన పెట్టడం వాటిని పోల్చడానికి కాదు. ఇటువంటి రాత్రుల నుంచి, ఇటువంటి ఊరేగింపుల నుంచి కేసులు పుడతాయి. కేసులకు నంబర్లు ఉంటాయి. ఆ నంబర్లు మాత్రం మన ఇళ్లలో ఎవరికీ గుర్తుండవు.

ఆదోని, ఎమ్మిగనూరు ప్రాంతాల నుంచి సలహా కోసం మా వద్దకు వచ్చే కుటుంబాలను మేము మొదట అడిగే ప్రశ్న ఒక్కటే: కేసు ఎలా ముగిసింది? వచ్చే జవాబులు నాలుగు రకాలు. 'కొట్టేశారు.' 'రాజీ అయిపోయింది.' 'ఫైన్ కట్టి వచ్చాం.' 'అది కేసు కాదు, బైండోవరే.' చెప్పేవారి దృష్టిలో నాలుగింటికీ అర్థం ఒక్కటే, పీడ విరగడైందని. చట్టం దృష్టిలో ఇవి నాలుగూ వేర్వేరు.

కొట్టేశారన్నప్పుడు విచారణ జరిగి నిర్దోషిగా విడుదల చేశారా, విచారణకు ముందే అభియోగాల నుంచి తప్పించారా, లేక పోలీసులే ఆధారాలు లేవని తుది నివేదిక పెట్టారా అన్నది కాగితం చూస్తే గాని తెలియదు. రాజీ విషయంలో మనవారికి లేనిపోని బిడియం ఉన్నది. రాజీకి వీలున్న నేరంలో కోర్టు రాజీని నమోదు చేస్తే ఆ ముద్దాయి నిర్దోషిగా విడుదలైనట్లేనని పాత క్రిమినల్ ప్రొసీజర్ కోడ్ 320వ సెక్షన్ స్పష్టంగా చెప్పింది. దాని స్థానంలో 2024 జూలై 1 నుంచి అమలులోకి వచ్చిన భారతీయ నాగరిక సురక్షా సంహిత 359వ సెక్షన్ కూడా అదే చెబుతున్నది. కనుక రాజీ అయినవారు తల దించుకోవలసిన పని లేదు.

తల దించుకోకపోయినా జాగ్రత్తపడవలసింది మూడో రకం వారు. వాయిదాలకు తిరగలేక, కూలి పోగొట్టుకోలేక, ఎవరో చెప్పిన మాట విని నేరం ఒప్పుకుని జరిమానా కట్టి వస్తారు. జరిమానా అంటే శిక్షే. రికార్డులో 'దోషి' అని పడుతుంది. రసీదు జేబులో పెట్టుకుని ఇంటికి వచ్చిన మనిషి పదేళ్లపాటు తనపై కేసు లేదనే అనుకుంటాడు. ఇందుకు మేము ముద్దాయిలను తప్పుపట్టము. ఒప్పుకోలుకు అర్థమేమిటో మాతృభాషలో విడమరచి చెప్పేవారు ఆ రోజు వారి పక్కన ఉండి ఉండవలసింది.

ఇక బైండోవర్. ఇది కోర్టులో వెదికితే దొరకదు. శాంతిభద్రతల పూచీకత్తు వ్యవహారం సాధారణంగా ఎగ్జిక్యూటివ్ మేజిస్ట్రేటు హోదాలో తహసీల్దారు ఎదుట నడుస్తుంది. దస్త్రం తహసీల్దారు కార్యాలయంలో ఉంటుంది. శాంతి భంగం కలగకుండా రాయించుకునే ఈ పూచీకత్తు గడువు ఏడాదికి మించరాదు. అది శిక్ష కాదు, నేర నిర్ధారణ అంతకన్నా కాదు. అయినా పోలీసు విచారణలో ఆ ప్రస్తావన వస్తే 'అప్పుడేదో జరిగింది సార్' అని నీళ్లు నమలడం కన్నా ఆ ఉత్తర్వు నకలు చూపడం మేలు.

ఎందుకింత పట్టింపు అంటారా? ఉద్యోగానికి ఎంపికైన యువకుడు నింపే ధ్రువీకరణ పత్రంలో ఒక గడి ఉంటుంది: మీపై ఎప్పుడైనా కేసు నమోదైనదా? అరెస్టు అయ్యారా? ఫలితమేమి? 2016లో అవతార్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు ముగ్గురు న్యాయమూర్తుల ధర్మాసనం ఈ గడి గురించే తీర్పు చెప్పింది. శిక్ష అయినా, నిర్దోషిగా బయటపడినా, కేసు నడుస్తున్నా ఉన్నది ఉన్నట్లు రాయాలన్నది. చిన్నపాటి కేసును దాచినా యాజమాన్యం ఔదార్యంతో చూడవచ్చునన్నది. నిజం చెప్పినా పూర్వాపరాలు పరిశీలించే హక్కు యాజమాన్యానికి ఉంటుందనీ అన్నది. ఉన్నది ఉన్నట్లు రాయాలంటే ఉన్నదేమిటో ముందు తెలియాలి కదా! పాస్‌పోర్టు సంగతీ అంతే. కేసు పెండింగులో ఉన్నవారు కోర్టు అనుమతితో పాస్‌పోర్టు పొందే వీలును కేంద్ర ప్రభుత్వం 1993 ఆగస్టు 25 నాటి నోటిఫికేషన్ ద్వారా కల్పించింది. ఏ కోర్టు అనుమతి? దానికీ నంబరు కావాలి.

నంబరు దగ్గరే మనవారు దారి తప్పుతారు. ఒకే కేసుకు మూడు నాలుగు పేర్లు. స్టేషనులో అది క్రైం నంబరు. మేజిస్ట్రేటు కోర్టులో అభియోగపత్రం ఫైలుకు తీసుకున్నాక సి.సి. నంబరు. సెషన్సు కోర్టు విచారించవలసిన నేరమైతే మొదట పి.ఆర్.సి., అక్కడికి పంపాక ఎస్.సి. నంబరు. ఇవి కాక కంప్యూటరులో పదహారు అక్షరాంకెల సి.ఎన్.ఆర్. నంబరు ఒకటి. ఈ చివరిది చేతిలో ఉంటే మిగిలినవి వెదకనక్కరలేదు. ఈ-కోర్ట్స్ వెబ్‌సైటులో గాని ఫోనులోని యాప్‌లో గాని కొడితే వాయిదాలు, దశ, చాలా కేసుల్లో తీర్పు కూడా కనబడతాయి. ఏ నంబరూ లేనివారు స్టేషను పేరు, ఎఫ్.ఐ.ఆర్. సంవత్సరం పట్టుకుని వెదకవచ్చు.

పేరుతో వెదికేటప్పుడు ఓపిక కావాలి. ఖాజా అన్న పేరు కాజా అవుతుంది, హుస్సేన్ సాబ్ ఉసేన్‌సాబ్ అవుతాడు, మహబూబ్ బాషా మాబాషాగా నమోదవుతాడు. షేక్ ముందు వస్తుందో వెనుక వస్తుందో రాసిన కానిస్టేబులుకే తెలియాలి. ఇంగ్లీషులో మహమ్మద్‌ను ఎన్ని రకాలుగా రాయవచ్చో అన్ని రకాలుగానూ ప్రయత్నించాలి. దొరికాక తండ్రి పేరు, వయస్సు, ఊరు సరిపోల్చకుండా ఇది మనదేనని గాని, కాదని గాని అనుకోరాదు. ఒకే పేరున్న ఇద్దరిలో ఒకరి కేసు మరొకరి మెడకు చుట్టుకునే ప్రమాదం మన పేర్ల విషయంలో కాస్త ఎక్కువే.

గుంపు ఘర్షణల కేసుల్లో మరో మెలిక. ఎఫ్.ఐ.ఆర్.లో నలుగురి పేర్లు రాసి 'మరికొందరు' అని వదలుతారు. ఆ మరికొందరి పేర్లు అభియోగపత్రంలో తేలుతాయి. కాబట్టి ఎఫ్.ఐ.ఆర్.లో పేరు లేదని నిశ్చింతగా ఉండరాదు.

కంప్యూటరులో కనిపించేది సమాచారం మాత్రమే. కార్యాలయాల్లో చెల్లేది కోర్టు ముద్రతో వచ్చే ధ్రువీకృత నకలు. మేము సర్కారీ దస్త్రాల మధ్యనే తల నెరసిన వాళ్లము; ముద్ర లేని కాగితానికి ఏ మర్యాద దక్కుతుందో ఎరుగుదుము. తీర్పు వల్ల ప్రభావితమైన ఏ వ్యక్తి అయినా దరఖాస్తు చేసి, నిర్ణీత రుసుము చెల్లిస్తే తీర్పు గాని, సాక్షుల వాంగ్మూలం గాని, రికార్డులోని ఇతర భాగం గాని ఇవ్వాలని సురక్షా సంహిత 404వ సెక్షన్ చెబుతున్నది. జైలుశిక్ష పడిన ముద్దాయికి తీర్పు నకలు వెంటనే, ఉచితంగా ఇవ్వాలి. మేజిస్ట్రేటు వేసిన శిక్షపై సెషన్సు కోర్టుకు అప్పీలు గడువు ముప్పై రోజులే గనుక ఆ నకలును ఆ రోజే అడిగి తీసుకోవాలి. అభియోగపత్రం, దానితోపాటు పోలీసులు పెట్టిన పత్రాలు ముద్దాయి హాజరైన పద్నాలుగు రోజుల లోపు ఉచితంగా అందాలని 230వ సెక్షన్. ఎఫ్.ఐ.ఆర్. నకలు ఫిర్యాదుదారుకూ బాధితునికీ ఉచితం. ముద్దాయికీ తొందరగా అందేలా, సున్నితమైన కేసులు మినహా మిగిలినవి ఆన్‌లైనులో పెట్టేలా 2016 సెప్టెంబరులో యూత్ బార్ అసోసియేషన్ కేసులో సుప్రీంకోర్టు ఆదేశించింది.

సమాచార హక్కు దరఖాస్తు పెట్టి కోర్టు రికార్డు రాబట్టుకుందామని కొందరు ఉత్సాహవంతులు అడుగుతున్నారు. ఆ దారి మూసుకున్నది. కోర్టు పత్రాల నకళ్లను హైకోర్టు నిబంధనల ప్రకారమే పొందాలని 2020 మార్చిలో గుజరాత్ హైకోర్టు వ్యవహారంలో సుప్రీంకోర్టు తేల్చింది. కేసుతో సంబంధం లేని మూడో వ్యక్తి అయితే కారణం చూపి, అఫిడవిట్ జతచేసి, కోర్టు అనుమతి పొందాలి. కనుక కార్యకర్తలు తమ పేరున కాక, కుటుంబం పేరుననే దరఖాస్తు పెట్టించడం సులువు. అప్పీలుకు వెళ్లిన కేసయితే రికార్డు పై కోర్టుకు వెళ్లి ఉంటుంది. కింది కోర్టులో 'లేదు' అంటే పోయిందని కాదు. వకీలును పెట్టుకునే స్తోమత లేనివారు న్యాయసేవాధికార సంస్థ 15100 నంబరుకు ఫోను చేయవచ్చు. స్త్రీలకు, నిర్బంధంలో ఉన్నవారికి ఆదాయంతో నిమిత్తం లేకుండా ఉచిత న్యాయసహాయం చట్టం ఇచ్చిన హక్కు.

హైదరాబాదు మక్కా మసీదు పేలుడు 2007 మే 18న జరిగింది. ఆ తర్వాత పట్టుబడిన ముస్లిం యువకులు ఎందరో ఆనక నిర్దోషులుగా బయటపడ్డారు. జాతీయ మైనారిటీ కమిషన్ సిఫారసుతో నాటి ఉమ్మడి రాష్ట్ర ప్రభుత్వం వారికి పరిహారం ఇచ్చింది. 2013లో హైకోర్టు ఆ పరిహారాన్ని రద్దు చేసింది. సర్కారు ఇచ్చిన డబ్బు అలా వివాదంలో పడింది గాని, కోర్టులు ఇచ్చిన నిర్దోషి తీర్పులను ఎవరూ వెనక్కి తీసుకోలేదు.

పిల్లల కేసులు వేరు. పద్దెనిమిదేళ్లు నిండనివాని కేసు ముగిసిపోతే దాని రికార్డును పోలీసులు ప్రవర్తన ధ్రువపత్రం కోసం బయటపెట్టరాదని 2015 నాటి బాల న్యాయ చట్టం 74వ సెక్షన్ నిషేధించింది. ఆ కాగితాలను మనమూ వాట్సాప్ గ్రూపుల్లో తిప్పరాదు. లైంగిక నేరాల బాధితుల వివరాలకూ ఇదే వర్తిస్తుంది. సహాయం చేస్తున్నామన్న ఉత్సాహంలో మనవారు ఈ హద్దు దాటడం మేము చూశాము, అది నేరం.

మసీదు కమిటీలకు, యువజన సంఘాలకు మా విన్నపం. ఈ దసరాకు ముందే ఆదోని, ఎమ్మిగనూరు, ఆలూరు, కోసిగి, కౌతాళం ప్రాంతాల్లో కేసులు ముగిసిన కుటుంబాల చేత నకలు దరఖాస్తులు పెట్టించండి. పాతవాటితో మొదలుపెట్టండి. నిబంధనల ప్రకారం కోర్టులు పాత రికార్డులను దశలవారీగా తొలగిస్తాయి, ఆలస్యమైన కొద్దీ దొరికేది తగ్గుతుంది. వచ్చిన నకలును లామినేషన్ చేయించకండి, ముద్ర పరిశీలించడానికి ఇబ్బంది అవుతుంది. జిరాక్సు తీసి అసలును ఇంట్లో భద్రపరచండి. తెలుగులో దరఖాస్తు నమూనాను వచ్చే సంచికలో ముద్రిస్తాము.