మబ్బు పట్టినా మంగు ఆగదు



“అమ్మా, ఎండాకాలమంతా సన్‌స్క్రీన్ రాసుకున్నాను. మంగు కొంత తగ్గింది. వర్షాలు పడగానే మానేశాను. సంక్రాంతి నాటికి మళ్లీ నల్లబడింది. కనిపించిన ప్రతివారూ ముఖమేమిటి ఇలా అయిందని అడుగుతుంటే స్త్రీల సమాజానికి వెళ్లడానికే మనసొప్పడం లేదు. ఇది శాపమా?” అని ఒక సహోదరి అడిగారు.

శాపం కాదు తల్లీ. ముందు ఆ భారం దించుకోండి. చర్మానికి రంగునిచ్చే మెలనిన్ కొన్ని చోట్ల ఎక్కువగా తయారవడమే మంగు. గర్భవతులలోను, గర్భనిరోధక మాత్రలు వాడేవారిలోను, వంశంలో ఉన్నవారిలోను ఇది ఎక్కువ. దాన్ని పెంచి పోషించేది మాత్రం సూర్యకాంతి.

వేడి వేరు, కిరణాలు వేరు. చర్మాన్ని కమిలించే అతినీలలోహిత ‘బి’ కిరణాలు వేసవి మధ్యాహ్నం తీవ్రంగా ఉంటాయి. ‘ఎ’ కిరణాలు ఏడాది పొడవునా ఉంటాయి. పలుచని మబ్బును, కిటికీ అద్దాన్ని కూడా దాటి వస్తాయి. క్రిస్మస్ చలిలో నీరెండకు హాయిగా కూర్చున్నా అవి తమ పని చేస్తూనే ఉంటాయి. అందుకే రక్షణ ఒక్క వేసవికి సరిపోదు.

“మనది నల్లని చర్మం, మనకెందుకు?” అంటారు కొందరు. మెలనిన్ దేవుడిచ్చిన గొడుగే. అందువల్లనే చర్మ క్యాన్సర్ తెల్లజాతి వారికంటే మనలో చాలా తక్కువ. కాని మంగు, నల్లమచ్చలు మనలాంటి చర్మానికే ఎక్కువ. ఇక పుట్టుకతో మెలనిన్ లేని బిడ్డలకైతే ఎండ నుండి కాపుదల అందం కోసం కాదు, ప్రాణం కోసమే.

వాడే పద్ధతి ఇది: ఎస్.పి.ఎఫ్. 30 లేదా అంతకు మించినది, ‘ఎ’ కిరణాలను కూడా ఆపేది కొనండి. మంగు ఉన్నవారికి ఐరన్ ఆక్సైడ్ కలిసిన రంగు సన్‌స్క్రీన్ మేలు. మామూలు వెలుగు కూడా మంగును పెంచుతుంది గనుక. చూపుడు వేలు, నడిమి వేలు పొడవునా రెండు చారలు తీస్తే ముఖానికి, మెడకు సరిపోతుంది. బయలుదేరడానికి 15 నిమిషాల ముందు రాయండి. ఆరుబయట ఉంటే 2 గంటలకోసారి, చెమట పట్టి తుడుచుకున్నాక మరోసారి రాయాలి. 6 నెలల లోపు పసిబిడ్డలకు క్రీము వద్దు. నీడ, నూలుబట్ట చాలు.

కొనే స్తోమత లేదా? దిగులుపడకండి. గొడుగు, తలమీద కొంగు, పొడుగు చేతుల రవిక, పొలంలో తలగుడ్డ కూడా మంచి రక్షణే. మీ నీడ మీకంటే పొట్టిగా ఉన్న వేళ ఎండ తీవ్రమని గుర్తుంచుకోండి.

ఒక హెచ్చరిక. త్వరగా తెల్లబడాలని మందుల షాపులో అడిగి స్టెరాయిడ్ క్రీములు రాయకండి. మొదట బాగున్నట్టే ఉండి, తర్వాత చర్మం పలుచబడి, ఎర్రబడి, ముఖాన వెంట్రుకలు మొలుస్తాయి. ఇలాంటి అనేక క్రీములను డాక్టరు చీటీ లేకుండా అమ్మరాదని కేంద్ర ప్రభుత్వం 2018లో నిబంధన చేసింది. ఇప్పటికే వాడుతుంటే చర్మవైద్యునికి చూపించండి.

అలిగి కూర్చున్న యోనాకు సైతం ఎండ తగలకుండా దేవుడు సొరచెట్టు నీడనిచ్చాడు. మన దేహాన్ని కాపాడుకోవడం సోకు కాదు, ఆయన ఇచ్చిన దాని పట్ల నమ్మకత్వం. సంఘస్థులకు ఒక్క మనవి: ఈ ఆదివారం ఆ సహోదరి కనిపిస్తే మచ్చల సంగతి అడగకండి. క్షేమసమాచారం అడిగి, పక్కన చోటివ్వండి. అది కూడా ఒక నీడే.