పెట్రోలు వాసన వస్తుంటే ప్రార్థన ఒక్కటే చాలదు



ఈ వారం ముందుగా నేనే ఒక తప్పు ఒప్పుకోవాలి. సంఘం పనికి తిప్పుతున్న పాత కారులో నెల రోజులుగా పెట్రోలు వాసన వచ్చింది. మొదట్లో పొద్దున్న స్టార్ట్ చేసినప్పుడే వచ్చేది. తర్వాత రోజంతా. అద్దాలు దించితే తగ్గేది కాబట్టి దించుకుని తిరిగాను. ఆ నెలలోనే ఒక నిండు గర్భిణిని నర్సీపట్నం ఏరియా ఆసుపత్రికి తీసుకెళ్లాను. కృష్ణదేవిపేట కూడికకు ఆరుగురు సండేస్కూలు పిల్లల్ని ఎక్కించుకెళ్లాను. బయలుదేరే ముందు ప్రతిసారీ ప్రార్థన చేశాను. బానెట్ మాత్రం ఒక్కసారి కూడా ఎత్తలేదు.

చివరికి అడిగింది మన సంఘంలోని ఒక పెద్దమ్మ. "అయ్యగారూ, కిరసనాయిలు స్టవ్వు కారితే మేం అగ్గిపుల్ల గీయమండి. మరి ఇదేటండి, ఇంత వాసనేస్తన్నాది?" నా దగ్గర జవాబు లేదు.

మర్నాడు మెకానిక్ చూపించాడు. ఇంజనుకు పెట్రోలు తెచ్చే రబ్బరు పైపు పగుళ్లు విచ్చి, క్లిప్పు దగ్గర చెమటలా కారుతోంది. జానెడు దూరంలో కాలే సైలెన్సర్ గొట్టం. "దేవుడే కాపాడాడండి" అన్నాడతను. నిజమే. కానీ ఆయన కాపాడాడు కదా అని నేను చేసింది సరైనదైపోదు.

పెట్రోలు ఆవిరై మండుతుంది. ఆ ఆవిరి గాలికన్నా బరువు కాబట్టి కిందికి దిగి బండి చుట్టూ పేరుకుంటుంది. లంబసింగి చలిలో కూడా అంటుకునేంత ఆవిరి వస్తూనే ఉంటుంది. పాత వైరు నుంచి ఒక్క నిప్పురవ్వ చాలు. ఇంజెక్షన్ బండ్లలో పైపులో పెట్రోలు ఒత్తిడి మీద ఉంటుంది, చిన్న పగులైనా చిమ్ముతుంది. ఏళ్లు గడిచేకొద్దీ వేడికి రబ్బరు గట్టిపడి పగులుతుంది. పైగా ఇప్పుడు బంకుల్లో 20 శాతం ఇథనాల్ కలిపిన పెట్రోలు వస్తోంది. పాత బండ్లలోని రబ్బరు భాగాలన్నీ దాన్ని తట్టుకునేలా చేసినవి కావు.

మెకానిక్ ఇంకో మాట అడిగాడు. "ఈ బండికి రీకాల్ ఏమన్నా ఉందేమో కనుక్కున్నారా అండీ?" తయారీలో లోపం ఉందని తెలిస్తే కంపెనీ బండ్లను వెనక్కి పిలిచి ఉచితంగా బాగుచేయడమే రీకాల్. ఛాసిస్ నంబరు చెప్పి షోరూముకు ఫోన్ చేశాను. ఉచితంగా మార్చాల్సిన భాగం ఒకటి ఏళ్ల తరబడి మార్చకుండా ఉండిపోయిందని తేలింది. కబురు వెళ్లింది మొదటి యజమానికి. నాది మూడో చెయ్యి.

ఇలాంటివి మన దేశంలో కొత్త కాదు. 2010 ఫిబ్రవరిలో మారుతి సుజుకి పెట్రోలు పంపు దగ్గరి గాస్కెట్ మార్చడానికి లక్ష ఎ-స్టార్ కార్లను వెనక్కి పిలిచింది. 2014 ఏప్రిల్‌లో అదే కంపెనీ స్విఫ్ట్, డిజైర్, ఎర్టిగా బండ్లు 1,03,311 వెనక్కి పిలిచింది. వాటిలో ట్యాంకుకు పెట్రోలు పోసే గొట్టంలో లోపం ఉంది. బంకులో పంపు దానంతటది ఆగాక ఇంకా పోస్తే వాసన రావచ్చు, కారవచ్చు. నా కారు వీటిలోది కాదు. కానీ ఇవన్నీ ఈపాటికి చేతులు మారి మనలాంటి ఊళ్లకు చేరే వయసుకొచ్చాయి.

2021 ఏప్రిల్ నుంచి రీకాల్ చేయమని కంపెనీని ఆదేశించే అధికారం ప్రభుత్వానికి ఉంది. కానీ ఆ నియమాలు ఏడేళ్ల లోపు బండ్లకే. సొంత కారుకు పదిహేనేళ్లు నిండేదాకా ఫిట్‌నెస్ పరీక్ష కూడా అడగరు. అంటే పాత బండి విషయంలో కాపలా మనమే.

అమెరికాలో ఫోర్డ్ కంపెనీ 1978లో పింటో రకం కార్లను దాదాపు 15 లక్షలు వెనక్కి పిలిచింది. వెనక నుంచి గుద్దితే వాటి పెట్రోలు ట్యాంకు పగిలి మంటలు లేచేవి. ఆ కాలంలోనే ఆ కంపెనీ రాసుకున్న ఒక పత్రంలో, పెట్రోలు కారకుండా ఆపడానికి బండికి 11 డాలర్లు ఖర్చని, మంటల్లో పోయే ప్రాణం విలువ 2 లక్షల డాలర్లని లెక్క కట్టారు. సెమినరీ రోజుల్లో ఇది విని మండిపడ్డాను. మరి నేను చేసిందేమిటి? పైపు ఖర్చు వచ్చే నెల చూద్దామని ఆరుగురు పిల్లల్ని ఎక్కించుకున్నాను. నాదీ అదే లెక్క.

నిర్గమకాండము 21వ అధ్యాయంలో పొడిచే ఎద్దు గురించి ధర్మశాస్త్రం ఉంది. ఎద్దు అనుకోకుండా మనిషిని పొడిచి చంపితే యజమాని నిర్దోషి. ఆ ఎద్దుకు పొడిచే అలవాటుందని ముందే హెచ్చరించినా కట్టెయ్యకపోతే, ఆ రక్తం యజమాని మీదికే వస్తుంది. ఇద్దరికీ తేడా ఒక్కటే. రెండోవాడికి తెలుసు. పెట్రోలు వాసన మనకు అందిన హెచ్చరిక. రీకాల్ కబురూ అంతే.

"దేవుడున్నాడు, ఏం కాదు" అనడం విశ్వాసంలా వినిపిస్తుంది. దేవాలయ శిఖరం మీద మన ప్రభువును అపవాది దూకమన్నది కూడా వాక్యం ఎత్తి చూపించే. ఆయన దూకలేదు. దేవుణ్ణి శోధించకూడదన్నాడు. ద్వితీయోపదేశకాండము 22లో కొత్త ఇంటి మిద్దెకు పిట్టగోడ కట్టమని ఉంది. దేవుడు కాపాడతాడని గోడ మానేయమనలేదు. గోడ కట్టమన్నదే దేవుడు.

కొత్త స్పీకర్లకని దాచిన డబ్బులోంచి పెట్రోలు పైపులన్నీ మార్పించాం. రీకాల్ పనీ అయింది. స్పీకర్లు ఆలస్యమవుతాయని కొందరికి నచ్చలేదు. ఆ పాట ఇంకొన్నాళ్లు చిన్నగా వినిపించినా ఫర్వాలేదు.

మీ ఇళ్లలో పాత కారుంటే ఈ వారమే ఛాసిస్ నంబరు చెప్పి రీకాల్ ఉందేమో కనుక్కోండి. బంకులో పంపు ఆగాక ఇంకా పోయించకండి. వాసన వస్తే ఇంజను ఆపి, అందరినీ దించి దూరంగా నిలబెట్టండి. కారుతున్న చోటు వెతకడానికి అగ్గిపెట్టె తీయకండి. మళ్లీ స్టార్ట్ చేయకుండా మెకానిక్‌ను అక్కడికే పిలిపించండి. లోపం దాచి బండి అమ్మకండి. పొడిచే ఎద్దును చెప్పకుండా పక్క ఊరికి తోలేయడం అది.

ఇకమీదట నేను ముందు బానెట్ ఎత్తి చూస్తాను, తర్వాత ప్రార్థన చేస్తాను. నేను మర్చిపోతే ఆ పెద్దమ్మలా మీరూ అడగండి. పాస్టరుగారిని ఏమడుగుతాంలే అని ఊరుకోవద్దు.

ప్రభువు మీ రాకపోకలను కాపాడును గాక. ఆమేన్.