ఇంటికి ఒక్కటే రెయిన్‌కోటా?

మీ ఇంట్లో రెయిన్‌కోట్లు ఎన్ని ఉన్నాయి? ఒక్కసారి లేచి తలుపు వెనక మేకుకేసి చూసి రండి. ఒకటుంటుంది. అది ఆయనది. పిల్లలుంటే స్కూలు సంచుల్లో చిన్నవి రెండుంటాయి. మరి మీది? మొన్నమొన్నటిదాకా మా ఇంట్లోనూ ఇదే లెక్క. అందులో ఏదో తేడా ఉందని నాకు తట్టడానికి ఒక తుపాను రావాల్సి వచ్చింది.

2023 డిసెంబరులో వచ్చిన మిగ్‌జాం తుపాను మీకు గుర్తుండే ఉంటుంది. మామూలుగా డిసెంబరంటే మా గుంటూరు వైపు పొద్దున మంచు, సాయంత్రం పల్చటి చలి. వరి కోతల నెల. వాన ఎవరికీ అక్కర్లేని నెల. అలాంటిది ఆ నాలుగో తేదీన ఆకాశం చిల్లుపడ్డట్టే ఉంది. ఆరోజు సోమవారం, పైగా కార్తీకమాసం. నాకు ఉపవాసం. చుక్క కనపడితేగాని తినకూడదు. ఆ మబ్బులో చుక్కలెక్కడ!

సాయంత్రం తెనాలి నుంచి అమ్మ ఫోను. "వంటింట్లోకి నీళ్ళొస్తున్నాయే, కరెంటు కూడా లేదు" అంది. అమ్మ ఒక్కతే ఉంటుంది. రైళ్ళు చాలావరకు రద్దయ్యాయి. బస్సు ఎప్పుడొస్తుందో తెలీదు. అడిగిన ఆటో అబ్బాయి రానన్నాడు. పాతిక కిలోమీటర్లేగా అని మావారు మోటారు సైకిలు తీశారు. తీయకూడదు. ఆ మాట నేనే ముందు ఒప్పుకుంటున్నాను. తుపాను హెచ్చరిక ఉన్న రోజున రెండు చక్రాల బండి మీద ఊరు దాటడం తెలివైన పని కాదు. కానీ అమ్మ గొంతు అలా వణుకుతుంటే ఆ క్షణాన ఎవరి తెలివి ఎంత పనిచేస్తుంది చెప్పండి!

మావారు తలుపు వెనక కోటు తీసి తొడుక్కున్నారు. నేను చీర మీద స్వెట్టరు, దాని మీద శాలువా, చేతిలో గొడుగు. హెల్మెట్లు మాత్రం ఇద్దరికీ ఉన్నాయి. నేను ఎప్పట్లాగే పక్కకి తిరిగి కూర్చున్నాను. బయల్దేరేటప్పుడు ఇందులో వింతేమీ ఆయనకు కనపడలేదు, నాకూ కనపడలేదు.

ఊరు దాటేసరికే స్వెట్టరు తడిసి రోకలంత బరువెక్కింది. ఊలు వెచ్చగా ఉంటుందని కొనుక్కుంటాం గాని, నీళ్ళు పీల్చాక దానిలోంచి ఈదురుగాలి దూసుకుపోతుంటే అది వెచ్చదనం ఇవ్వదు, ఒంట్లో ఉన్న వేడిని కూడా లాగేస్తుంది. మంచు దేశాల్లోనే చలికి మనిషి కొయ్యబారిపోతాడని మనం అనుకుంటాం. తడిసిన బట్ట, గాలి, ఖాళీ కడుపు, ఈ మూడూ కలిస్తే గుంటూరు జిల్లా చాలు. ముందు వేళ్ళు తిమ్మిరెక్కాయి. తర్వాత పళ్ళు టకటకా కొట్టుకోవడం మొదలైంది. ఆయన ఏదో అడిగితే జవాబు చెప్పబోయాను, మాట ముద్దగా వచ్చింది.

ఇక ఆ గొడుగు. బండి వెనక కూర్చున్న ఆడమనిషి గొడుగు పట్టడం మనకు ఎంత అలవాటైన దృశ్యమంటే, ప్రమాదమని కూడా అనిపించదు. అది తెరచాప అండీ. పడవకి కట్టాల్సింది బండికి కట్టుకున్నట్టు. రోడ్డు పక్కనే ధాన్యం రాశులు, వాటి మీద రైతులు హడావుడిగా కప్పిన బరకాలు, బరకాలు ఎగిరిపోకుండా అంచుల మీద పెట్టిన రాళ్ళు. పాపం వాళ్ళ బాధ వాళ్ళది, ఏడాది కష్టం కళ్ళముందే నానిపోతోంది. ఒక్క గాలివిసురుకి గొడుగు వెనక్కి తిరగబడింది, దాంతో నేనూ, నాతో బండీ ఆ రాళ్ళ వైపు వాలాం. వదిలెయ్యమని ఆయన అరుస్తున్నారు. నా వేళ్ళు విడివడితేగా! కాలు నేలకానించి ఎలా ఆపారో ఇప్పటికీ ఆయనకే తెలీదు. పడలేదు. అదే అదృష్టం.

నారాకోడూరు దగ్గర ఒక టీ బడ్డీ సగం షట్టరు దించి ఉంది. లోపల ఉన్నావిడ నన్ను చూసి మాట్లాడకుండా పొడి తువ్వాలు ఒకటి ఇచ్చి పొయ్యి పక్కన కూర్చోబెట్టింది. చుక్కా లేదు, గిక్కా లేదు, టీలో రెండు చెంచాల పంచదార ఎక్కువ వేసి తాగించింది. తర్వాత మావారి కోటు కేసి చూస్తూ "మరి ఆవిడకేదీ బాబూ?" అంది. తిట్టలేదు, ఊరికే అడిగింది. ఆయన మొహం చూడాలి! వెంటనే విప్పి ఇవ్వబోయారు. అప్పటికి నాలో తడవడానికి ఏం మిగిలిందని?

నిజం చెప్పొద్దూ, మావారు చెడ్డవారు కాదు. నాకు జ్వరమొస్తే కాఫీ కలిపిచ్చే మనిషే. ఆయనకు తట్టలేదు, అంతే. అంతకన్నా నన్ను బాధపెట్టింది ఇంకోటి. నాకూ తట్టలేదు! ఆరేళ్ళుగా నాకు సొంత స్కూటరు ఉంది. రోజూ దాని మీదే ఆఫీసుకి వెళ్ళొస్తాను. వాన వస్తే ఏం చేస్తున్నానూ? ఏదో కొట్టు షట్టరు కింద నిలబడుతున్నాను. మీరూ చూడండి, వానపడేటప్పుడు ఆ పంచల కింద ఎవరుంటారో. సగానికి పైగా మనమే. మగవాళ్ళు కోటు తగిలించుకుని వెళ్ళిపోతుంటారు. మన సమయం ఆగగలిగిన సమయం అని ఇంట్లో వాళ్ళూ అనుకున్నారు, మనమూ అనుకున్నాం. "వాన తగ్గాక రావచ్చుగా, తొందరేముంది" అంటారు అత్తయ్య, ప్రేమగానే. తొందరేముందా? స్కూలు గేటు దగ్గర పిల్లాడు నిలబడి ఉంటాడు. ఆఫీసులో పావుగంట ఆలస్యమైతే రిజిస్టర్లో ఎర్ర గీత పడుతుంది. ఇంటికెళ్ళాక కుక్కరు ఎవరు పెడతారు?

తమాషా ఏమిటంటే, వెనక కూర్చునే మనిషిని చట్టం ఎప్పుడో గుర్తుపట్టింది. 1989 నాటి కేంద్ర మోటారు వాహనాల నిబంధనల్లో 123వది చూడండి. వెనక కూర్చునేవాళ్ళు పట్టుకోవడానికి పిడి ఉండాలి, కాళ్ళు పెట్టుకోవడానికి ఆధారం ఉండాలి, బట్టలు చక్రంలో పడకుండా వెనక చక్రంలో కనీసం సగాన్ని కప్పే అడ్డు ఉండాలి అని రాసి ఉంది. మనం చీర గార్డు అంటామే, అదే. బండి అందం చెడుతుందని కుర్రాళ్ళు దాన్ని పీకించేస్తుంటారు. 2019లో చట్టం సవరించాక నాలుగేళ్ళు దాటిన ఎవరైనా సరే, ముందున్నా వెనకున్నా, హెల్మెట్ పెట్టుకోవాల్సిందే. హెల్మెట్ దాకా సర్కారు చెప్పింది. కోటు దగ్గరికొచ్చేసరికి ఇల్లు చెప్పాలి.

అమ్మ దగ్గర రెండు రోజులున్నాం. మర్నాడు మధ్యాహ్నం తుపాను బాపట్ల దగ్గర తీరం దాటింది. గుంటూరు తిరిగొచ్చాక నేను చేసిన మొదటి పని కోటు కొనడానికి వెళ్ళడం. కొట్టతను "సారు సైజెంతమ్మా?" అన్నాడు. నాకే అన్నాను. గులాబీ రంగులో పువ్వులున్న పల్చటిదొకటి తీశాడు, మోకాళ్ళ దాకా కూడా రాదు. ప్యాంటూ చొక్కాగా వచ్చేది కావాలంటే "లేడీస్ ఎవరూ అడగరు మేడమ్" అన్నాడు. అడగరు కాబట్టి తేడు, తేడు కాబట్టి అడగం. ఆఖరికి మగపిల్లల సైజులో ఒకటి సరిపోయింది. తొమ్మిది వందలైంది. దండగ అంటారేమో, పోయిన శ్రావణంలో ఒక జాకెట్టు కుట్టుకూలికి నేను అంతకన్నా ఎక్కువే ఇచ్చాను.

చీర మీద ఆ ప్యాంటు ఎక్కదు, నిజమే. అందుకని వాన రోజుల్లో పంజాబీ డ్రెస్సులో వెళ్ళి చీర సంచిలో పెట్టుకుంటున్నాను. వెనక కూర్చున్నా రెండువైపులా కాళ్ళేసి కూర్చుంటున్నాను. పొంచో లాంటి వదులు కోట్లు బండికి పనికిరావు, గాలికి లేచి చక్రం కేసే చూస్తుంటాయి. మొహానికి చుట్టుకునే చున్నీ తడిస్తే ముక్కుకి అతుక్కుని ఊపిరాడదు, కాబట్టి వానలో దాన్ని తీసేసి కోటు లోపల దోపుకోండి. హెల్మెట్ అద్దం ఆవిరి పడితే కొంచెం పైకెత్తి ఉంచాలి. చలి మరీ ఎక్కువైతే కోటు లోపల రొమ్ము మీద రెండు మడతలు పేపరు పెట్టుకోండి, గాలిని భలే ఆపుతుంది. మీరు చదివేసిన ఈ పేపరైనా సరే, ఏమీ అనుకోం! అన్నిటికన్నా ముఖ్యం, వేళ్ళు తిమ్మిరెక్కాక ఇంకో రెండు కిలోమీటర్లేగా అనుకోవద్దు. నలభై కిలోమీటర్ల వేగంలో బండి ఒక్క సెకనులో పదకొండు మీటర్లు పోతుంది. బ్రేకు పట్టడానికి మొద్దుబారిన చెయ్యి ఒక్క సెకను ఆలస్యం చేసినా ఎంత దూరమో చూడండి. పైగా తడి రోడ్డు మీద ఆగడానికి మామూలు కన్నా చాలా ఎక్కువ జాగా కావాలి.

మొన్న మా ఆఫీసులో ఈ కథంతా చెబితే నవ్వారు, తర్వాత ఒక్కొక్కళ్ళూ వచ్చి ఏ కొట్టు అని అడిగారు. నలుగురం కలిసి మళ్ళీ అక్కడికే వెళ్ళాం. లేడీస్ ఎవరూ అడగరన్నావుగా బాబూ, ఇదిగో అడుగుతున్నాం అన్నాను. నవ్వేసి మా నలుగురి కొలతలూ బిల్లు పుస్తకం వెనక రాసుకున్నాడు. ఎల్లుండి సరుకు వస్తుందట, రమ్మన్నాడు.