నాబోతు తోట, గచ్చిబౌలి చెట్లు

‘హంగర్ గేమ్స్’ లాంటి నవలలు మన యవనస్థులకు తిరుగుబాటు నేర్పుతున్నాయని కొందరు తల్లిదండ్రులు రోమా 13 చూపిస్తున్నారు. మేము ఒప్పుకోలేము. 1 రాజులు 21 కూడా వాక్యమే కదా! నాబోతు విల్లు పట్టలేదు. రాజు తోట అడిగితే ఇవ్వనన్నాడు, అంతే.

2025 మార్చి నెలాఖరులో కంచ గచ్చిబౌలి 400 ఎకరాల్లోకి ప్రభుత్వ బుల్డోజర్లు దిగితే, హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీ విద్యార్థులు తమ పేరున పట్టా లేని చెట్ల కోసం అడ్డుపడ్డారు. కొందరిని పోలీసులు పట్టుకెళ్లారు. ఏప్రిల్ 3న సుప్రీంకోర్టు నరకడం ఆపించింది. అక్కడ కాట్నిస్ లాంటి ఒంటరి వీరురాలు ఎవరూ లేరు.

ఐటీ పార్కు వస్తే ఉద్యోగాలు మన పిల్లలకే కదా అంటారా? నిజమే, హైటెక్ సిటీ జీతాలతోనే మన ఊళ్లో చాలా ఇళ్లకు స్లాబు పడింది. అహాబు కూడా నాబోతుకు తగిన వెల ఇస్తాననే అన్నాడు.